గోడ విడిచి కాగితం మీదికి వచ్చిన ఆరు బొమ్మలు

ఆ కాగితం మీద ఉన్నవి రెండే రెండు వస్తువులు. కింది భాగంలో, నడిమికి కాస్త ఎడమగా, అరచేయంత వెడల్పున నల్లని అండాకారం ఒకటి ఉంది. అది మూత తీసిన మ్యాన్‌హోల్ అని చూడగానే తెలుస్తుంది. అందులోంచి లేచిన ఒక సన్నని తాడు నిట్టనిలువుగా పైకి సాగి, కాగితం పై అంచును తాకి ఆగిపోతుంది. మనిషి లేడు, ముఖం లేదు, నినాదం లేదు, నలుపు తప్ప వేరే రంగు కూడా లేదు. అయితే ఆ తాడు వదులుగా వేలాడడం లేదు, బిగిసి ఉంది. తాడు బిగిసి ఉన్నదంటే దాని కింది కొసన ఒక బరువు ఉన్నదని, పై కొసను ఇంకెవరో పట్టుకొని నిలబడ్డారని అర్థం. ఈ సంగతి స్ఫురించడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది, స్ఫురించిన తరువాత ఆ బొమ్మ ముందు నుంచి చాలాసేపు కదలలేకపోయాను.

వీధి గోడల మీద స్టెన్సిళ్లతో, అంటే బొమ్మ ఆకారంలో కోసిన అట్టలతో, బొమ్మలు వేసే ఒక చిత్రకారుడి స్టూడియో అమ్ముతున్న ఆరు ప్రింట్ల సెట్టులో ఇది మూడవది. సెట్టు తెప్పించుకొని నాలుగు నెలలు దాటింది. వచ్చిన వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే ఆరింటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకొని ఉండేవాణ్ణి. నాలుగు నెలలపాటు రోజూ కంటి ముందు ఉన్నాక వాటిలో మూడు నాకు మరింత దగ్గరయ్యాయి, ఒకటి మొదటి రోజు ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోయింది, మిగిలిన రెండూ వెలవెలపోయాయి. స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే వారిమీద నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది, ఆ సంగతి తరువాత చెబుతాను. ఒక అమ్మకందారును ఎత్తడమో దించడమో నా ఉద్దేశం కాదు. మనుషుల దుఃఖాన్నీ సమాజం మోస్తున్న గాయాలనూ నాలుగు గీతల్లో చెబుతామంటూ వచ్చే ఇటువంటి ప్రింట్లు ఇప్పుడు లెక్కకు మిక్కిలిగా దొరుకుతున్నాయి కనుక, వాటిని కొనాలనుకునేవారు ఏమి చూసి కొనాలో నాకు తెలిసినంతలో చెప్పాలనుకున్నాను.

తక్కువ గీతలతో వేసిన ప్రతి బొమ్మనూ మినిమలిజం అనడానికి నాకు మనసొప్పదు. బొమ్మలోంచి దేన్ని తీసేశారో దాన్ని చూసేవారు తమంతట తాము పూరించుకోవలసి వచ్చినప్పుడే ఆ తీసివేతకు విలువ ఉంటుంది. మ్యాన్‌హోల్ బొమ్మలో చిత్రకారుడు మనిషిని తీసేశాడు. మురుగులోకి దిగిన కార్మికుణ్ణి గీసి చూపించి ఉంటే అయ్యో పాపం అనుకొని ముందుకు సాగిపోయేవాళ్లం. గీయలేదు కనుక ఆ చీకట్లో ఎవరు ఉన్నారో, ఎంత లోతున ఉన్నారో, ఊపిరి ఆడుతున్నదో లేదో మనమే ఊహించుకోవలసి వస్తుంది, అలా ఊహించుకున్న మనిషిని వదిలి వెళ్లడం సులభం కాదు. మా అక్క కొడుకు, ఎనిమిదేళ్లవాడు, ఈ బొమ్మను చూసి, “మామయ్యా, లోపల ఉన్నది మనిషా, బకెట్టా?” అని అడిగాడు. నీకేమనిపిస్తోందిరా అని అడిగితే కాసేపు ఆలోచించి, “బకెట్టయితే తాడు ఇంత గట్టిగా ఉండదు కదా” అన్నాడు. ఏ కళావిమర్శా చదవని పిల్లవాడు బొమ్మలో ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని పట్టుకొని లేని మనిషిని కనుక్కున్నాడు. ఈ ప్రింటు గురించి నేను చెప్పదలచుకున్నదానిలో సగం ఆ పిల్లవాడే చెప్పేశాడు.

గోడ మీద ఉన్నప్పుడు ఇలాంటి బొమ్మకు గోడే సగం సాయం చేస్తుంది. పెచ్చులూడిన సున్నం, వాననీటి చారలు, పక్కనే ఉన్న పైపు, ఎదుట నడిచిపోయే జనం, వీటన్నిటినీ చిత్రకారుడు కష్టపడకుండానే తన బొమ్మలోకి తెచ్చుకుంటాడు. పైగా వీధిలో పనిచేసేవారికి సమయం ఉండదు. ముందే కోసి తెచ్చుకున్న అట్టను గోడకు ఆనించి రంగు చిమ్మి నిమిషాల్లో వెళ్లిపోవలసిన అవసరమే ఈ కళకు ఆ పొదుపును నేర్పింది. 1981లో పారిస్ గోడల మీద స్టెన్సిల్‌తో ఎలుకల బొమ్మలు వేయడం మొదలుపెట్టిన బ్లెక్ ల రా, ఆ తరువాత అదే పద్ధతిని ప్రపంచమంతా ఎరిగేలా చేసిన బ్యాంక్సీ ఇద్దరూ ఈ తొందరలోంచి తమ భాషను తయారుచేసుకున్నవారే. వీధిలో అవసరంకొద్దీ పుట్టిన ఆ పొదుపు, తీరిగ్గా స్టూడియోలో కూర్చొని కాగితం మీద ముద్రించేటప్పుడు కేవలం అలంకారంగా మారిపోయే ప్రమాదం ఉంది. గోడ ఇచ్చిన సాయం కాగితం మీద ఉండదు, ఆ పని అంతా ఖాళీ తెలుపే చేయాలి.

తెలుపు ఆ పని చేయగలదనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ బ్యాంక్సీ వేసిన ఎర్ర బెలూను పాప. 2002లో లండన్ సౌత్ బ్యాంక్ ప్రాంతంలో ఒక గోడ మీద కనిపించిన ఆ బొమ్మ ఇప్పుడు అక్కడ లేదు. కానీ తరువాత సంతకంతో 150, సంతకం లేకుండా 600 ప్రతులుగా వచ్చిన స్క్రీన్ ప్రింటు (సన్నని జాలీ తెరలోంచి సిరాను కాగితం మీదికి దించే అచ్చు) వల్ల అది ఎన్నో ఇళ్లలో బతికి ఉంది. ఆ ప్రింటులో పాప చేతికీ బెలూనుకూ నడుమ ఉన్నది వట్టి కాగితమే. పాప బెలూనును వదిలేసిందా, చేజారిన దాన్ని అందుకోబోతున్నదా అన్న సందేహమంతా ఆ ఖాళీలోనే ఉంది. అక్కడ ఒక మబ్బునో పిట్టనో గీసి ఉంటే ఆ సందేహం కూడా పోయి ఉండేది.

వీధి బొమ్మను ప్రింటుగా అమ్మడం వీధికి చేసే ద్రోహమని కొందరు అంటారు, ఆ మాటతో నేను ఏకీభవించను. 1980 నుంచి 1985 వరకు న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకలపై అంటించే నల్లకాగితం మీద తెల్ల సుద్దతో బొమ్మలు గీసిన కీత్ హేరింగ్, 1986లో తన బొమ్మలున్న పోస్టర్లూ చొక్కాలూ అమ్మే దుకాణం తెరిచినప్పుడు ఇదే విమర్శను ఎదుర్కొన్నాడు. గ్యాలరీలకు వెళ్లలేనివారికి కూడా తన బొమ్మలు అందాలన్నది అతని వాదన. నిజానికి బాధితుల పక్షాన నిలిచిన చిత్రకళకు ప్రింటు ఎప్పుడూ పరాయిది కాదు. ఒక్క బొమ్మ వందలమందికి చేరుతుందనే జర్మనీలో కేథే కోల్విట్స్ చేనేత కార్మికుల తిరుగుబాటును 1890లలో ముద్రణ చిత్రాలుగా వేసింది, 1924లో యుద్ధానికి వ్యతిరేకంగా ఆమె చేసిన పోస్టరు కూడా లితోగ్రాఫే (రాతి అచ్చు). 1943 బెంగాల్ కరువును ఊరూరా తిరిగి నలుపు తెలుపుల్లో గీసిన చిత్తప్రసాద్ తరువాతి కాలంలో లినోలియం పలకను చెక్కి అచ్చువేసే లినోకట్‌ను తన ప్రధాన సాధనంగా చేసుకున్నాడు. నా దృష్టిలో ఈ ఆరు ప్రింట్లు ఆ వంశానికి చెందినవే. కాబట్టి వాటిని గది అలంకరణ సామగ్రిగా చూసి వదిలేయకుండా ఆ పెద్దల పక్కన నిలబెట్టి చూడడమే న్యాయమనుకుంటున్నాను.

సెట్టులో మొదటిది దండెం బొమ్మ. కాగితానికి అడ్డంగా ఒకే ఒక గీత ఉంటుంది, అదే దండెం. దాని మీద ఒక పెద్ద చొక్కా, దాని పక్కన ఒక చిన్న గౌను ఆరేసి ఉంటాయి. చొక్కా చెయ్యి గౌను భుజం మీదికి వాలి ఉంటుంది. తండ్రీ బిడ్డల ప్రేమ గురించిన తేలికపాటి బొమ్మ అనుకొని మొదట దీన్ని పక్కన పెట్టేశాను. రెండు వారాల తరువాత మా అమ్మ దాన్ని చూసి, “ఇదేంట్రా, రెండు బట్టలకూ కలిపి ఒకే క్లిప్పు పెట్టారు” అంది. అంతవరకు నేను గమనించనే లేదు. చొక్కా చేతి కొసనూ గౌను భుజాన్నీ కలిపి పట్టుకున్నది ఒకే ఒక్క క్లిప్పు, గౌనును పట్టుకొని ఉంచే ఆధారం బొమ్మ మొత్తంలో అదొక్కటే. చొక్కా అవతలి భుజానికి మాత్రం సొంత క్లిప్పు ఉంది. రోజూ బట్టలు ఆరేసే కంటికి మొదట కనిపించింది ఆ క్లిప్పే. “గాలి గట్టిగా వీస్తే చిన్నది ఎగిరిపోతుంది” అని కూడా అంది అమ్మ. ఆ మాట విన్న తరువాత అది ప్రేమ బొమ్మగా మాత్రమే నాకు కనిపించడం మానేసింది. ఒక్కరి సంపాదన మీద, ఒక్కరి ప్రాణం మీద ఆధారపడి నిలిచిన చిన్న ప్రాణాల భయం అందులో ఉంది. ఆ భయాన్ని చిత్రకారుడు గోరంత క్లిప్పులో పెట్టి, మనం ఎప్పటికైనా చూస్తామని నమ్మి వదిలేశాడు. చూసేవారి మీద అంత నమ్మకం ఉంచిన చిత్రకారుణ్ణి గౌరవించకుండా ఉండలేను.

ఈ బొమ్మలోనే స్టెన్సిల్ పనితనం కూడా బాగా కనిపిస్తుంది. స్టెన్సిల్ కోసేటప్పుడు నలుపు చుట్టుముట్టిన తెల్లని భాగం ఏదైనా ఉంటే, దాన్ని మిగిలిన అట్టతో కలిపి ఉంచే సన్నని పట్టీలు వదలాలి, లేకపోతే ఆ ముక్క ఊడి కింద పడుతుంది. వీటిని పనివాళ్లు బ్రిడ్జిలు అంటారు. స్క్రీన్ ప్రింటింగులో వాటి అవసరం లేదు, జాలీ మీద ఎక్కడ ఏ ముక్క ఉన్నా నిలుస్తుంది. అయినా ఈ చిత్రకారుడు చొక్కా బొత్తాల చుట్టూ ఆ బ్రిడ్జిలను అలాగే ఉంచాడు, వాటిని కుట్టు దారాలుగా వాడుకున్నాడు. గోడ మీద అవసరమైన ఒక లోపం కాగితం మీద బొమ్మలో భాగమైపోయింది.

రెండవ ప్రింటు నాకు అన్నింటికంటే ఇష్టమైనది, అయితే దాని గురించి మాటల్లో చెప్పగలిగింది తక్కువ. కాగితమంతా దట్టమైన నలుపు, పై భాగంలో బొటనవేలి గోరంత పసుపు చతురస్రం, అది రాత్రివేళ వెలుగుతున్న ఒక కిటికీ. దగ్గరికి వెళ్లి చూస్తే కిటికీ కింది అంచున ఆవగింజంత తల ఒకటి కనిపిస్తుంది. ఆ తల మనవైపు చూస్తున్నదో అటు తిరిగి ఉన్నదో తెలియదు. పసుపునూ నలుపునూ వేర్వేరు తెరలతో అచ్చువేసినందువల్ల రెండూ వెంట్రుకవాసి తేడాతో కూర్చున్నాయి, అందుచేత నా ప్రతిలో కిటికీ కుడి అంచున సన్నని తెల్లగీత ఒకటి మిగిలింది. అచ్చు పనిలో దీన్ని తప్పుగానే లెక్కిస్తారు. నాకు మాత్రం అది మూసీ మూయని తలుపు సందులోంచి వచ్చే వెలుతురులా ఉంటుంది. ఒంటరితనం గురించి ఎన్నో బొమ్మలు వస్తాయి, వాటిలో చాలావరకు తల వంచుకొని కూర్చున్న మనిషిని దగ్గరగా చూపిస్తాయి. ఈ బొమ్మ మనల్ని దూరంగా వీధిలో నిలబెట్టి, ఆ మెట్లెక్కి తలుపు తట్టాలా వద్దా అన్న ప్రశ్నను మనకే వదిలేస్తుంది.

నాలుగవది క్యూ బొమ్మ. పొడవాటి వరుసలో మోకాళ్ల కింది భాగం వరకే కనిపించే కాళ్లు, ఆ వరుస మధ్యలో ఒకచోట కాళ్లు లేని చెప్పుల జత ఉంటాయి. మంచి ఆలోచనే, పని కూడా శ్రద్ధగా చేశారు. అయితే మొదటిసారి చూసినప్పుడు ఏమి చెప్పిందో పదోసారి చూసినప్పుడు కూడా అదే చెబుతుంది, అంతకు మించి ఇవ్వదు.

చివరి రెండింటి దగ్గర నాకు నిరాశ కలిగింది. అయిదవ ప్రింటులో ఒక బెంచీ మీద ఇద్దరు కూర్చొని ఉంటారు, ఇద్దరి తలలూ ఫోన్ల మీదికి వంగి ఉంటాయి, ఇద్దరి నడుమ ఒక గుండె గుర్తు పగిలి ఉంటుంది. ఈ బొమ్మ చెప్పే మాట మనకు బొమ్మను చూడకముందే తెలుసు. పగిలిన గుండె గుర్తును చేర్చడంతో చిత్రకారుడు మన కోసం మిగిల్చిన ఆ కాస్త ఖాళీని కూడా తానే నింపేశాడు. గీతలు తక్కువే ఉన్నా, పోస్టరు మీది నినాదానికీ దీనికీ తేడా కనిపించదు. పైగా మిగిలిన బొమ్మలు మనల్ని ఒక మనిషి పక్కకు తీసుకెళ్లి నిలబెడితే, ఇది మాత్రం వేలెత్తి చూపి మందలిస్తుంది. మందలింపు గోడ మీద ఒక్కసారి చూసి నవ్వుకొని వెళ్లడానికి పనికొస్తుందేమో గాని, రోజూ ఇంట్లో ఎదురుగా పెట్టుకోవడానికి కాదు.

ఆరవది ముళ్లకంచె. కంచె ముళ్లు కుడివైపుకు పోయేకొద్దీ పక్షులుగా మారి ఎగిరిపోతూ ఉంటాయి. ఈ ఉపాయం ఎన్నో పోస్టర్ల మీద, ఎన్నో కప్పుల మీద అరిగిపోయిందన్నది నాకున్న చిన్న అభ్యంతరం. పెద్ద అభ్యంతరం వేరే ఉంది. కంచెకు అవతల నిలబడ్డ మనిషికి ఆ ముళ్లు ఎన్నటికీ పక్షులుగా మారవు. ఇంటినీ ఊరినీ వదిలి పారిపోయి వచ్చినవాళ్ల బట్టలను, చర్మాన్ని చీల్చే ఒక వస్తువును చూడముచ్చటగా మార్చి మన గోడకు వేలాడదీయడంలో, వారి బాధ కంటే మన ఊరట ముఖ్యమైపోయింది. మ్యాన్‌హోల్ బొమ్మను వేసిన చేయే దీన్ని కూడా వేసిందంటే నమ్మడానికి నాకు కష్టంగా ఉంది. ఆశను చూపించకూడదని నేను అనడం లేదు. చూపించే ఆశకు ఆ బొమ్మలో ఎవరో ఒకరు మూల్యం చెల్లించినట్టు కనిపించాలని మాత్రమే కోరుకుంటున్నాను.

ఇక ఫిర్యాదు సంగతి చెబుతాను. ఆరు ప్రింట్లూ చేత్తో అచ్చువేసిన స్క్రీన్ ప్రింట్లని అమ్మకపు వివరాల్లో స్పష్టంగా రాసి ఉంది, ధర కూడా అన్నింటికీ ఒక్కటే. బెంచీ బొమ్మలోనూ ముళ్లకంచె బొమ్మలోనూ కింది అంచున రంగు కారినట్టున్న చారలు ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నప్పుడు రెండింటిలోనూ ఎడమ నుంచి మూడవ చార అచ్చంగా ఒకే ఆకారంలో ఉన్నట్టు కనిపించింది. పైన సన్నగా మొదలై, నడుమ ఒకచోట ఉబ్బి, చివర ఎడమకు వంగిన బొట్టుతో ముగుస్తుంది. నిజంగా కారిన రంగు రెండు బొమ్మల్లో అలా ఒకేలా కారడం జరిగే పని కాదు. అది కంప్యూటరులో సిద్ధంగా దొరికే బ్రష్‌తో వేసిన చార అని అర్థమైంది. అనుమానం వచ్చి పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఆరింటినీ పరిశీలించాను. మొదటి నాలుగింటిలో నలుపు ఎక్కడా చుక్కలు లేకుండా ఒకే పొరగా పరుచుకొని ఉంది, అంచులు నిఖార్సుగా ఉన్నాయి, ఏటవాలు వెలుతురులో చూస్తే సిరా కాగితం కంటే రవ్వంత ఎత్తున ఉన్నట్టు కూడా తెలుస్తుంది. చివరి రెండింటిలో మాత్రం బూడిద రంగు ఉన్నచోటల్లా నీలం, ఎరుపు, పసుపు చుక్కలు ఇసుక చల్లినట్టు కనిపించాయి. అవి ఇంక్‌జెట్ ప్రింట్లు, అంటే కంప్యూటరు ప్రింటరు సిరా చుక్కలు చిమ్మి వేసినవి.

ఇంక్‌జెట్ ప్రింటు తక్కువదని నేను చెప్పడం లేదు. వర్ణకాలతో చేసిన మంచి సిరాను మంచి కాగితం మీద వాడితే, జిక్లే అని పిలిచే ఆ పద్ధతిలోనూ చిరకాలం నిలిచే ప్రింట్లు వస్తాయి, నీడల్లో సున్నితమైన తేడాలు చూపవలసిన బొమ్మలకు అదే సరైనది కూడా. అయితే స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో తెర తయారుచేసి, ఒక్కో కాగితాన్ని చేత్తో పెట్టి, రబ్బరు పట్టీతో సిరాను లాగాలి. కొనేవారు ఆ చేతి పనికి కూడా కలిపి డబ్బు చెల్లిస్తారు. ఒకటి చెప్పి మరొకటి ఇవ్వడం సరి కాదు, మనుషుల శ్రమ గురించి బొమ్మలు వేసేవారి దగ్గర అది మరింత బాధ కలిగిస్తుంది. కాగితం విషయంలోనూ తేడా ఉంది. చీకట్లో అతినీలలోహిత టార్చి వేసి చూస్తే మొదటి నాలుగు కాగితాలు మెరవకుండా మసకగా ఉండిపోయాయి, చివరి రెండు మాత్రం నీలిగా మెరిశాయి. తెల్లదనం కోసం కలిపే రసాయనాల వల్ల వచ్చే మెరుపు అది. ఆ రసాయనాల ప్రభావం కాలం గడిచేకొద్దీ తగ్గిపోయి కాగితం పసుపు ఛాయలోకి దిగుతుంది. ఖాళీ తెలుపు మీదనే ఆధారపడిన బొమ్మకు తెలుపు మారిపోవడం కంటే పెద్ద నష్టం మరొకటి ఉండదు.

ఫొటోలు తీసి స్టూడియోకు రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆ రెండు బొమ్మల్లో లేత బూడిద ఛాయలు ఉన్నందువల్ల ఇంక్‌జెట్ వాడామని, వివరాల్లో వేరుగా రాయకపోవడం తమ పొరపాటేనని ఒప్పుకొని ఆ రెండింటికీ డబ్బు వెనక్కి ఇచ్చారు, అమ్మకపు వివరాలను కూడా మార్చారు. సాకులు చెప్పకుండా తప్పు ఒప్పుకున్నందుకు వారిని మెచ్చుకుంటాను. కాని నేను అడగకపోయి ఉంటే ఆ మార్పు జరిగేదా అన్న ప్రశ్న నా మనసులో ఇంకా ఉంది. కొనేవారికి నా సలహా ఏమిటంటే, ప్రింటు చేతికి రాగానే ఒక చిన్న భూతద్దంతో చూడండి. దానికి నైపుణ్యం అక్కర్లేదు, చుక్కలు ఉన్నాయా లేవా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది.

మొదటి నాలుగింటి కాగితం విషయంలో మాత్రం వంక పెట్టడానికి ఏమీ లేదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) పత్తి కాగితం అది, ఆమ్లం లేనిది, చేతిలోకి తీసుకుంటే అట్టలా బిరుసుగా కాకుండా గుడ్డలా నిండుగా అనిపిస్తుంది. ఒకే ఒక జాగ్రత్త అవసరం. మెరుపు లేని ఆ దట్టమైన నలుపు మీద వేలిముద్ర పడితే పోదు. కిటికీ బొమ్మ కింది మూలలో నా బొటనవేలి గుర్తు ఇప్పటికీ ఉంది. నూలు చేతితొడుగులు వేసుకొని తీయమని పెట్టె మీద ఒక్క వాక్యం రాసి ఉంటే బాగుండేది. గొట్టంలో చుట్టి కాకుండా రెండు గట్టి అట్టల నడుమ సమంగా పెట్టి, మధ్యలో పలుచని కాగితం వేసి పంపడం మంచి పని, ఒక్క మడత కూడా పడలేదు.

ప్రతి ప్రింటు కింది ఎడమ మూలలో పెన్సిలుతో 37/200 (రెండు వందల ప్రతుల్లో ముప్పై ఏడవది) అని, కుడి మూలలో సంతకం ఉన్నాయి. చిన్న సంఖ్య ఉన్న ప్రతులు మేలైనవని చాలామంది వెతుకుతూ ఉంటారు. లోహపు పలక మీద గీసి అచ్చువేసే పద్ధతుల్లో పలక అరిగేకొద్దీ గీతలు మందగిస్తాయి కనుక ఆ నమ్మకానికి ఆధారం ఉంది. స్క్రీన్ ప్రింటులో రెండు వందల ప్రతుల్లో చెప్పుకోదగ్గ తేడా రాదు, కాబట్టి ఆ సంఖ్య కోసం ఎక్కువ చెల్లించనక్కర్లేదు. సంతకం పెన్సిలుతో ఉందా, బొమ్మతోపాటు అచ్చయిందా అన్నది మాత్రం భూతద్దంతో చూసుకోవాలి.

సెట్టు మొత్తంగా కొనమని నేను చెప్పను. ఇప్పుడు వారు విడివిడిగా కూడా అమ్ముతున్నారు, దండెం, కిటికీ, మ్యాన్‌హోల్ మూడూ తీసుకుంటే చాలు. ఆ మూడింటిలో ఒక్కటే తీసుకోగలిగితే దండెం బొమ్మ తీసుకోమంటాను, ఎందుకంటే అది మనతోపాటు ఎక్కువ కాలం మాట్లాడుతూ ఉంటుంది. మ్యాన్‌హోల్ బొమ్మను మాత్రం పెట్టే చోటు చూసుకొని కొనాలి. పడకగదిలో పెట్టుకునే బొమ్మ కాదది. మొదట రెండు వారాలు అక్కడ పెట్టి, రాత్రి దీపం ఆర్పేముందు ప్రతిసారీ ఆ తాడు వైపే చూస్తున్నానని గ్రహించి, ముందు గదిలోకి మార్చాను. నేరుగా ఎండ పడని గోడ అయితే సిరాకూ కాగితానికీ మంచిది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయించడం, ప్రింటు అద్దానికి అంటుకోకుండా నడుమ ఎడం ఉంచడం, జిగురు టేపుతో కాకుండా పిండి బంకతో అంటించిన పలుచని కాగితపు పట్టీలతో వేలాడదీయడం ఏ ప్రింటుకైనా తప్పనిసరి.

ఫ్రేము కట్టే ఆయన మ్యాన్‌హోల్ బొమ్మను చూసి, మామూలుగా అందరికీ చేసేటట్టే చుట్టూ మౌంటు బోర్డు, అంటే నడుమ కిటికీలా కోసిన అట్ట, పెట్టి, దాని అంచు ప్రింటు మీదికి అయిదు మిల్లీమీటర్లు వచ్చేలా కోస్తానన్నాడు. అలా కోస్తే తాడు మౌంటు కిందికి దూరి, బోర్డు లోపలే ఎక్కడో ఆగిపోయినట్టు కనిపిస్తుందని నాకు భయం వేసింది. ఈ ప్రింటుకు మిగిలిన మూడు వైపులా తెల్లని అంచు వదిలి, పైవైపు మాత్రం బొమ్మ దాకా కత్తిరించి ఇవ్వడం ఊరికే చేసిన పని కాదు. అందుకని మౌంటు వద్దని చెప్పి, కాగితం నాలుగు అంచులూ బయటికి కనిపించేలా వెనక బోర్డు మీద తేల్చి కట్టించుకున్నాను. ఆయన పని ముగించి ఫ్రేమును గోడకు ఎత్తి పట్టుకున్నప్పుడు, తాడు కాగితం అంచుదాకా వచ్చి, సరిగ్గా ఆయన పట్టుకున్న చోటి కింద ఆగింది.